సిన్యోరా ఆవు

మా అమ్మీ పోయేదాకా ఒక ఆవు గురించి అడుగుతూనే ఉంది. అది మా ఇంటి ఆవు కాదు, మెట్‌పల్లిలో ఎవరింటి ఆవూ కాదు. దోహాలో నేను చదువుకునే రోజుల్లో మా లాటిన్ పాఠాల్లో తప్పిపోయిన ఆవు. దాని సంగతి తేల్చాల్సిన మనిషి ఇన్నేళ్ళకు మా ఇంటికి వస్తోందని తెలిసిన రోజు నాకు కాలూ చెయ్యీ ఆడలేదు.

మెట్‌పల్లి సాయిబుల పిల్లకు లాటిన్ ఏమిటని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. ఇప్పటికే అందరూ నవ్వారు, మీరొక్కరు ఎందుకు ఆగాలి.

మా అబ్బా అబ్దుల్ ఖాదర్ దోహాలో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో స్టోర్ కీపర్. మార్కర్ పెన్నుల నుంచి ఏసీ ఫిల్టర్ల దాకా అన్నీ ఆయన చేతుల మీదుగానే వెళ్ళేవి. స్టాఫ్ పిల్లలకు ఫీజు దాదాపు లేనట్టే. అందుకని నాలుగో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నన్ను తీసుకొచ్చి అందులో పడేశాడు. అరబిక్ అందరికీ తప్పనిసరి, దానికి తోడు ఇంకో భాష తీసుకోవాలి. మేం వెళ్ళేసరికి ఫ్రెంచ్ క్లాసు నిండిపోయింది, స్పానిష్ కూడా నిండిపోయింది. మిగిలింది ఇటాలియన్ ఒక్కటే. దానికి లాటిన్ తోకలా తగిలించి ఉంది. రెండిటికీ ఒకే టీచరు, ఒకటి తీసుకుంటే రెండోది వద్దన్నా వస్తుంది. "తీసుకో బేటా, ఖాళీ సీటు ఇడిచిపెట్టొద్దు" అన్నాడు అబ్బా, అదేదో బస్సులో సీటయినట్టు.

ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోతే పక్కింటి ఎల్లవ్వ బీడీలు చుట్టుకుంటూ ఆరా తీసేది. ఆమె లెక్కలో గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్‌ల ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

"లాటిన్, ఎల్లవ్వా."

"అది ఏ దేశంల మాట్లాడ్తరు?"

"ఇప్పుడు ఎక్కడా మాట్లాడరు."

ఎల్లవ్వ చేతిలో ఆకు ఆగిపోయేది. "ఎవలూ మాట్లాడని దానికి గంత దూరం పోవుడెందుకే? ఈడనే ఉండి ఊకుంటే అయిపోతుండె గద!"

మళ్ళీ ఆకు అందుకుని చుట్టడంలో పడేది.

టీచరు పేరు ఓర్నెల్లా. సిన్యోరా అని పిలవాలి, వాళ్ళ భాషలో అది అమ్మగారు అన్నట్టు. మనిషి పొడుగు, నెరిసిన జుట్టు, దోహా ఎండలో కూడా మెడకు రుమాలు. గుర్రుమంటూనే ఉండేది గానీ కోపం మనిషి కాదు. అచ్చు పుస్తకాలంటే ఆవిడకు పడదు. లాటిన్ పాఠాలు తనే రాసి, ఒక్కో పాఠం ఒక్కో కాగితం చొప్పున జిరాక్స్ తీసి పంచేది. ఆ కాగితమంతా అబ్బా స్టోరు నుంచే పోవాలి. "ఇంత కాగితం ఏం జేస్తుంది ఆ తల్లి, తింటుందా?" అని ఆయన ఇంటికొచ్చి సణిగేవాడు.

ఇటాలియన్‌లో కాఫీ అడగడం, రైలు టికెట్ కొనడం, వాన గురించి మాట్లాడటం నేర్పేది. లాటిన్‌లో మాత్రం ఒకటే కథ. మార్కుస్ అనే రైతు, అతని భార్య తుల్లియా, వాళ్ళకో ఆవు. మొదటి పాఠంలోనే ఆ ఆవు తప్పిపోతుంది. అక్కడి నుంచి మార్కుస్ ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. సంతకు పోతాడు, రోముకు పోతాడు, ఓడరేవుకూ పోతాడు. కనిపించిన ప్రతివాణ్ణీ అడుగుతాడు: "ఉబి ఎస్త్ వాక్కా?" ఆవు ఎక్కడ? ఇలా నాలుగేళ్ళు. క్లాసులో పిల్లల్లో ఎక్కువమంది ఆవును పాల డబ్బా మీద తప్ప చూసినవాళ్ళు కారు. నేను చూశాను కాబట్టి ఆ దిగులు నాకు బాగా అర్థమయ్యేది.

ఇక మా అమ్మీ. ఖమర్ సుల్తానా. దోహాలోనే అల్ హిలాల్‌లో మేముండే పాత బిల్డింగ్‌లో సాయంత్రం పూట పిల్లలకు ఖురాన్ చదివించేది. హాల్లో చాప పరిచి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ముందు పళ్ళెం పెట్టుకుని వెల్లుల్లి ఒలుస్తూ వినేది. తల ఎత్తేది కాదు. పిల్లలు ముందుకీ వెనక్కీ ఊగుతూ బిగ్గరగా అప్పజెప్పాలి. కొత్త పాఠం సబక్. పాత పాఠాలన్నీ కలిపి ఆముఖ్తా. ఆముఖ్తా అప్పజెప్పనిదే సబక్ ఇచ్చేది కాదు. ఎవరైనా తడబడితే చేతిలో చాకు పళ్ళెం అంచున రెండుసార్లు టకటకమనేది, "పీఛే సే" అనేది. వెనక నుంచి మళ్ళీ రమ్మని. అంతే, ఎక్కడ తప్పిందో చెప్పేది కాదు. అర్థం అడిగితే, ముందు నోటికి రానీ, అర్థం తర్వాత అదే వస్తుంది అనేది.

నేను లాటిన్‌నూ అలాగే నేర్చుకున్నాను. ఇంకెలా నేర్చుకుంటారో నాకు తెలిస్తే కదా.

మొదటి పరీక్ష రోజు సిన్యోరా నన్ను లేపి, పాఠం గురించి చెప్పమంది. నేను కళ్ళు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, రాగం తీసి, మొదటి పాఠం మొదటి అక్షరం నుంచి చివరి దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశాను. కళ్ళు తెరిచేసరికి క్లాసంతా బల్లల మీద పడి నవ్వుతోంది. పెషావర్ పిల్లాడు కామ్రాన్ ఒక్కడే నవ్వలేదు, వాడికీ ఇదే అలవాటు.

"అర్థం?" అంది సిన్యోరా.

"అర్థం తర్వాత వస్తుంది" అన్నాను.

మర్నాడు అమ్మీని పిలిపించారు. అబ్బాకు ముచ్చెమటలు పోశాయి, ఉద్యోగానికే ఎసరొస్తుందేమోనని. అమ్మీ మాత్రం బురఖా సర్దుకుని, బస్సులో వచ్చి, సిన్యోరా ఎదురుగా తాపీగా కూర్చుంది. మధ్యలో నేను, ఇటూ అటూ మాటలు మోస్తూ.

"తప్పు చదివిందా?" అని అడిగింది అమ్మీ.

ఒక్క అక్షరం కూడా తప్పలేదంది సిన్యోరా. కానీ ఏం చదివిందో ఆ పిల్లకే తెలియదంది.

"అర్థం చెప్పుడు ఎవరి పని?"

నేను కొంచెం మెత్తగా మార్చి చెప్పాను. అయినా విషయం అందింది. సిన్యోరా కాసేపు అమ్మీ వంక చూసి, నా పనే అంది.

"మల్ల? నోటికి ఎక్కించుడు నా పని. తలకాయకు ఎక్కించుడు ఆమె పని. ఎవరి డ్యూటీ వాళ్ళు జెయ్యాలె. గింత దానికి పిలిపించుడెందుకు, ఇంట్ల పొయ్యి మీద కూర ఉన్నది."

సిన్యోరా పగలబడి నవ్వింది. ఆ నవ్వుతోనే వాళ్ళిద్దరికీ కుదిరిపోయింది.

ఆ తర్వాత నుంచి బిల్డింగ్ పిల్లలు వెళ్ళిపోయాక నా లాటిన్ మొదలయ్యేది. అమ్మీకి లాటిన్ ముక్క రాదు. అయినా తడబాటు ఏ భాషలోనైనా తడబాటే కదా, చాకు టకటకమనేది. "పీఛే సే." నేను మళ్ళీ మొదటి నుంచి, మార్కుస్ మళ్ళీ గుమ్మం దాటడం నుంచి. అప్పజెప్పడం అయ్యాక అడిగేది, "ఇంతకూ ఆవు దొరికిందా?"

"లేదమ్మీ."

"పాపం, పాలు పిండకపోతే పొదుగు సల్పుతది దానికి. ఎవలన్న పిండుతున్నరో లేదో" అని నిజంగానే దిగులుపడేది. ఆ మాట నేను క్లాసులో చెబితే సిన్యోరా చేతిలో మార్కర్ పక్కన పెట్టేసింది. ఆ సంగతి తనకు తట్టలేదంది. మీ అమ్మను నేను చూడాలి, మళ్ళీ ఒకసారి సరిగ్గా చూడాలి అంది.

అలా గురువారం సాయంత్రాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని, మోకాళ్ళు నొప్పి పుడుతున్నా సోఫా వద్దని, అమ్మీ వండిన ఖట్టీ దాల్ గిన్నె ఎత్తి తాగి, మా సబక్ వినేది. అమ్మీ వెల్లుల్లి ఒలుస్తుంటే తనూ నాలుగు రెబ్బలు ఒలిచేది. ఒకరి భాష ఒకరికి రాదు. నేను మధ్యలో లేకపోయినా ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకున్నారో దేవుడికే తెలియాలి. ఆ గురువారాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. దోహాలో నేను పెరిగిన ఇల్లంటే ఆ చాపే, ఆ వెల్లుల్లి వాసనే.

నాలుగో ఏడు ముగుస్తుండగా ఒక గురువారం సిన్యోరా మాటల్లో ఒకటి జారవిడిచింది. ఇక ఒక్క పాఠమే మిగిలింది, ఆవు దొరకదు అంది. మార్కుస్ ముసలివాడై ఇంకో ఆవును కొనుక్కుంటాడు, జీవితం అలాగే ఉంటుంది అంది. నేను దాన్ని తెలుగులోకి మార్చీ మార్చగానే అమ్మీ చేతిలో చాకు ఆగింది. మొదటిసారి తల ఎత్తింది.

"ఏందీ? ఇన్నేండ్లు ఊరూరు తిప్పి, ఆఖరికి దొరకదా? చెప్పవే ఆమెకు. ఆవు ఇల్లు మరవదు. బర్రె మరుస్తదేమో గానీ ఆవు మరవదు. మా అబ్బా మా ఆవును కోరుట్ల సంతల అమ్ముకొనొస్తే, తాడు తెంపుకొని తెల్లారేసరికి మా వాకిట్ల వచ్చి నిలబడ్డది. పైసలు వాపస్ ఇచ్చిండు మా అబ్బా. అసలు ఈన ఊళ్ళు పట్టుకొని తిరుగుడెందుకు, తుల్లియా లెక్క ఇంటికాడ ఉంటే అదే వస్తుండె!"

నేనంతా చెప్పాను. తాడు తెంపుకోవడం దగ్గర చేతులతో కూడా చూపించాను. సిన్యోరా అంతా విని, సెలవుల తర్వాత చూద్దాం, చివరి పాఠం నేనింకా రాయలేదు అంది.

ఖురాన్ పూర్తి చేసినప్పుడు మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. ఆఖరి సబక్ చదువు చెప్పిన ఉస్తాద్ ఎదురుగానే అప్పజెప్పాలి. అప్పుడు ఉస్తాద్‌కు కొత్త బట్టల జోడా పెట్టి, చుట్టూ ఉన్న పిల్లలకు పేడాలు పంచాలి. లాటిన్‌కైనా అంతేనంది అమ్మీ. ఆ సెలవుల్లో మెట్‌పల్లిలో లేత ఆకుపచ్చ గుడ్డ తీసి, సిన్యోరాకు సల్వార్ కమీజ్ కుట్టించింది. కొలతలెక్కడివి అంటే, "నాలుగేండ్ల నుంచి సూస్తలేనా?" అంది. మెడ చుట్టూ తనే చేత్తో దారంతో చిన్న పువ్వులు కుట్టింది.

మేం దోహాకు తిరిగొచ్చేసరికి మా లాటిన్ గదిలో కంప్యూటర్లున్నాయి. పిల్లలు సరిపోలేదట. ఇటాలియన్, లాటిన్ రెండూ తీసేశారు. సిన్యోరా సెలవులకని వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఆవిడ స్కూలు ఈమెయిల్ తప్ప మా దగ్గర ఇంకేదీ లేదు, అదీ మూసేశారు. నన్ను ఫ్రెంచ్‌లో కూర్చోబెట్టారు. ఆ భాష చేసిన పాపమేమీ లేదు గానీ, ఇప్పటికీ ఫ్రెంచ్ వినిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మీ జోడాను కవర్లో చుట్టి సూట్‌కేసులో పెట్టింది. "వస్తది. ఆముఖ్తా మాత్రం ఇడిచిపెట్టకు. రేపు ఉస్తాద్ వస్తే ఏం మొహం పెట్టుకుంటవ్?" అంది. కాలేజీకి వెళ్ళేదాకా గురువారం గురువారం పాత పాఠాలన్నీ అప్పజెప్పించుకుంది. తర్వాత నేను అల్ ఘర్రాఫాలో పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో చేరాను. డ్యూటీ, ట్రాఫిక్, ఇల్లు. మార్కుస్ ఏ ఊళ్ళో ఆగాడో పట్టించుకునే తీరిక లేకపోయింది. ఆ తర్వాత అమ్మీకి జబ్బు చేసింది. మెట్‌పల్లి తీసుకుపొమ్మంది, తీసుకుపోయాం. చివరి రోజుల్లో గొంతు పీలగా అయిపోయింది. మంచం పక్కన కూర్చుంటే, నా వేలు పట్టుకుని, "ఆవు దొరికిందా?" అంది. లేదమ్మీ అన్నాను. "కితాబ్ అధూరా ఉంచొద్దు" అంది. సగంలో వదలొద్దని. రెండేళ్ళయింది ఆమె పోయి. ఆ మాట మాత్రం నా చెవుల్లోంచి పోలేదు.

సిన్యోరా నంబరు పట్టింది కామ్రాన్. వాడిప్పుడు మిలాన్‌లో ఉన్నాడు, ఇటాలియన్ వాడికి పనికొచ్చింది. నేను ఫోన్ చేస్తే, గొంతు వినగానే, "మరీహా! అమ్మ ఎలా ఉంది?" అంది సిన్యోరా. చెప్పాను. తర్వాత నెమ్మదిగా, ఆస్ట్రేలియాలో కొడుకు దగ్గరికి వెళ్తున్నాను, దోహాలో ఒక పగలంతా ఆగుతాను అంది.

"చివరి పాఠం ఇస్తారా?" అని అడిగేశాను.

"పాతవన్నీ వచ్చా? అవి అప్పజెప్పకుండా కొత్తది ఎలా ఇస్తారు?"

ఫోన్ పెట్టేసి పాత కాగితాలు బయటికి తీశాను. సగం పైన మరిచిపోయాను. అమ్మీ అడిగింది ఈ ఒక్కటీ, ఇది కూడా చెయ్యలేకపోతే ఎలా అని భయం పట్టుకుంది. అల్ హిలాల్ నుంచి అల్ ఘర్రాఫా దాకా కారులో పోతూ వస్తూ ఒకటే వల్లించడం. సిగ్నల్ దగ్గర స్టీరింగ్ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతుంటే పక్క కార్ల వాళ్ళు అద్దాలు దించి చూసేవాళ్ళు. చూస్తే చూడనీ.

గురువారం పొద్దున ఎయిర్‌పోర్ట్‌లో చేతికర్రతో నడిచి వస్తున్న మనిషిని చూసి నేను ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. మెడకు రుమాలు మాత్రం అదే. ఇంటికి తీసుకొచ్చాను. అబ్బా వంటింట్లో ఖట్టీ దాల్ చేస్తున్నాడు. అమ్మీ పోయాక నేర్చుకున్నాడు, పులుపు ఎప్పుడూ ఎక్కువే వేస్తాడు. పేడాలు కూడా ఆయనే తెచ్చి పెట్టాడు. నేను సోఫా చూపిస్తే సిన్యోరా తల అడ్డంగా ఊపి, కర్ర గోడకు ఆనించి, కష్టపడి చాప మీద కూర్చుంది. తన పాత చోట్లోనే కూర్చుంది. పక్కన అమ్మీ చోటు వదిలేసింది.

మొదలుపెట్టాను. ఆవు తప్పిపోయింది. మార్కుస్ గుమ్మం దాటాడు. సంత బాగానే పోయింది. రోము దారి కూడా బాగానే పోయింది. ఓడరేవు దగ్గర ఆగిపోయాను. పడవవాడు ఏమన్నాడో గుర్తు రాలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను, అయినా రాలేదు. అమ్మీ చోటు వైపు చూశాను. ఖాళీ చాప, ఏసీ చప్పుడు. ఇక నావల్ల కాదు, అమ్మీ మాట నిలబెట్టలేను అనుకున్నాను.

అప్పుడు టీ సాసర్ అంచున చెంచా రెండుసార్లు టకటకమంది.

"పీఛే సే" అంది సిన్యోరా.

తల ఎత్తలేదు. ఒడిలో చూసుకుంటూనే అంది. పలుకు ఇటలీదే, విరుపు మాత్రం అచ్చంగా మా అమ్మీది. నేను ఏడ్చాను. చాలా ఏడ్చాను, పదమూడేళ్ళ పిల్లలా. ఆవిడ ఓదార్చలేదు, ఆగమనలేదు, అమ్మీ కూడా అంతే. ఏడుపు దానంతటది తగ్గాక చెంచా మళ్ళీ టకటకమంది. నేను మార్కుస్‌ను మళ్ళీ గుమ్మం దగ్గరికి తెచ్చి మొదటి నుంచి వచ్చాను. ఈసారి ఓడరేవు దాటాను. చివరి కాగితం దాకా వచ్చాను.

సిన్యోరా సంచిలోంచి ఒక కాగితం తీసింది. చేత్తో రాసింది, సిరా కొత్తగా ఉంది. నీ ఫోన్ వచ్చాకే రాశాను, అప్పటిదాకా రాయబుద్ధి కాలేదు అంది. ఒక్కో వాక్యం తను చదివింది, నేను వెంట అన్నాను. మార్కుస్ అలిసిపోయి, చేతులూపుకుంటూ ఇంటికి తిరిగొస్తాడు. వాకిట్లో తుల్లియా కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ ఉంటుంది. ఆమె వెనకాల, తెగిన తాడుతో.

"వాక్కా దోముమ్ వేనిత్" అంది సిన్యోరా.

"వాక్కా దోముమ్ వేనిత్" అన్నాను.

"అర్థం?" అని అడిగింది, మొదటి పరీక్ష రోజు అడిగినట్టే. అర్థం నాకు తెలుసు. చెప్పబోతూ తల తిప్పాను.

వంటింటి గుమ్మంలో అబ్బా నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో పేడాల పళ్ళెం, ఇంకో చేతిలో ఆకుపచ్చ జోడా. లాటిన్ గురించి ఆయన నన్ను ఏనాడూ ఒక్క మాట అడగలేదు. కాగితం ఖర్చయిపోతోందని సణగడమే తప్ప.

"బేటా" అన్నాడు. "ఇంతకూ ఆవు దొరికిందా?"

"దొరికింది అబ్బా. అదే ఇంటికొచ్చింది."

అబ్బా జోడా సిన్యోరా చేతిలో పెట్టి, పళ్ళెం చాప మీద, అమ్మీ చోట్లో పెట్టాడు. "గదే అన్నది గద మీ అమ్మీ" అన్నాడు, మొదటి పేడా తీసి నా చేతిలో పెడుతూ.